వాద్యం పెట్టెలో చేరిన చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర నాకు రాదు. అమీర్‌పేటలో మా ఇంటి పైగదిలో ఉన్న ఒక నల్లపెట్టె చరిత్ర వ్రాస్తున్నాను. మిత్రులు మన్నించాలి.

పాటకు పెట్టె తోడుండడం మనకు కొత్త కాదు. 1979లో బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ గారు ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తయారుచేశారు. మా శ్రీమతి సాధనకు మేమూ అటువంటిది ఒకటి కొన్నాం. అది చేసేది ఒకే పని, ఏనాడూ మొరాయించలేదు.

సినిమా పాట సంగతి వేరు. మా పేటలో సారథీ స్టూడియో 1950ల చివరినుంచీ ఉన్నా, పాటల రికార్డింగు చాలాకాలం మద్రాసులోనే జరిగేది, హాలు నిండా వాద్యగాళ్ళతో. 1983లో మిడి అనే పద్ధతి వచ్చి, ఒక కీబోర్డు మీట నొక్కితే మరో యంత్రం పలకడం మొదలైంది. 1999లో జర్మనీవారి స్టెయిన్‌బర్గ్ సంస్థ, వాద్యమే ఒక ప్రోగ్రాముగా కంప్యూటరులో ఇమిడే వీలు కల్పించింది. దాన్ని ప్లగిన్ అంటారు. అసలు తబలా దెబ్బలను మెల్లగా, గట్టిగా రకరకాలుగా రికార్డు చేసి దాస్తారు. మీట నొక్కగానే కంప్యూటరు తగినదాన్ని తీసి వినిపిస్తుంది.

అయితే కంప్యూటరు అన్ని సెక్షన్ల ఫైళ్ళూ నెత్తిన పడ్డ గుమాస్తా వంటిది. శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా అందించాలి. 256 ముక్కల చొప్పున పంపితే ఆలస్యం సుమారు 6 మిల్లీసెకన్లు, చెవికి తెలియదు. మధ్యలో వేరే పని తగిలిందా, పాట తెగుతుంది. అందుకే 2000 తరువాత కొన్నేళ్ళకు అమెరికాలో మ్యూజ్ రీసెర్చ్ సంస్థ 'రిసెప్టర్' అనే పెట్టె తెచ్చింది. లోపల ఉన్నది కంప్యూటరే, కాని ప్లగిన్లు మోగించడం తప్ప దానికి మరో డ్యూటీ లేదు.

మా మనవడికి ఈ సంగతి పంజగుట్టలో శ్రీరామనవమి పందిట్లో తెలిసివచ్చింది. చరణం మధ్యలో ల్యాప్‌టాప్ అప్‌డేట్‌కు కూర్చుంది! పిల్లవాడికి ముచ్చెమటలు పోశాయి. శ్రోతల్లో ఉన్న మా వీధి తబలా మాస్టారు లేచి, భజనబృందం తబలా అందుకుని పాట నిలబెట్టారు. ఒకప్పుడు రికార్డింగులకు వాయించిన చేయి. కీబోర్డులు వచ్చాక పిలుపులు తగ్గాయి.

నాకు డి.ఏ. బకాయిలు అందాక మనవడు సికిందరాబాదు సి.టి.సి.లో సామాన్లు కొని సొంతంగా పెట్టె కట్టుకున్నాడు. ఇంటర్నెట్టు లేదు, ఆటలు లేవు. ఇప్పుడు అందులోకి మాస్టారి దెబ్బలే ఎక్కిస్తానంటాడు.

"ఒకరోజు వాయించి వెళ్తే, నేను పోయాక కూడా వాయిస్తూనే ఉంటానన్నమాట. మరి కూలి ఎన్నాళ్ళు?" అని అడిగారాయన నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. ఒప్పందం ముసాయిదా నేనే వ్రాస్తున్నాను. అమ్మిన ప్రతి పాటలో వాటా అని పెట్టాను. ఆయన తదనంతరం వాటా భార్యకు చెందాలన్నది మన ఫ్యామిలీ పెన్షన్ చూసి చేర్చాను. మనవడు ఒప్పుకున్నాడు. ఎంత శాతం అన్నదే తేలలేదు. ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.