పిల్లల్లో మందాకలి, బక్కతనం: జన్యు ప్రభావం

ముద్దను బుగ్గన దాచుకునే పిల్ల, రెండు ముద్దలకే కంచం నెట్టేసే పిల్లాడు కేవలం మొండితనంతో అలా చేస్తారనుకోవడం పొరపాటు. ఆకలిలో కొంత పుట్టుకతోనే వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2007లో పుట్టిన కవలలపై జరిగిన ‘జెమిని’ అధ్యయనం ప్రకారం, పసిపిల్లలు నెమ్మదిగా పాలు తాగడంలో కనిపించే తేడాల్లో 84 శాతం, త్వరగా కడుపు నిండినట్లనిపించడంలో 72 శాతం జన్యుపరమైనవే.

మెదడులోని హైపోథాలమస్‌లో ఎంసీ4ఆర్ అనే గ్రాహకం ఆకలికి కళ్లెం వేస్తుంది. అది పనిచేయకపోతే ఎంత తిన్నా చాలదు. దాని చురుకు పెంచే జన్యురూపాలున్నవారు సన్నగా ఉండే అవకాశం ఎక్కువ. 16వ క్రోమోజోములో 16పీ11.2 అనే భాగం లోపిస్తే స్థూలకాయానికి, అదే రెట్టింపైతే బక్కతనానికి దారితీయవచ్చని 2011లో తేలింది.

ఆకలిపై జన్యువుల పట్టు ఎలుకల్లోనూ కనిపించింది. హైదరాబాదులోని తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో వైద్యుడు మెకారిసన్ మొదలుపెట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అక్కడి ప్రయోగశాలలో బయటపడిన ఊబకాయపు ఎలుకల జాతి అదేపనిగా తింటుంది. ఆకలి రక్తంలోనే ఉంటుందనడానికి అది కళ్లెదుటి రుజువు.

అయితే అంతా జన్యువులదే కాదు. 1987–90 మధ్య హైదరాబాదు సమీప గ్రామాల్లో కొన్నింట గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందించారు. ఆ పిల్లలు కౌమారంలో మిగతా ఊళ్ల వారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు.

మన దగ్గర బక్కతనానికి చాలీచాలని తిండి, పదేపదే వచ్చే విరేచనాలు, నులిపురుగులు, రక్తహీనత మామూలు కారణాలు. అంగన్‌వాడీ పెరుగుదల చార్టులో పిల్లవాడి గీత కాస్త దిగువనైనా తన దారిన పైకి సాగుతుంటే అది వంశలక్షణం కావచ్చు. కిందికి జారితే మాత్రం వైద్యుడికి చూపించాలి.