విలాయతీ బాకా, మీరట్ బాకా

నంద్యాలలో గానీ, ఆళ్లగడ్డలో గానీ పెండ్లి ఊరేగింపు అంటే బ్యాండు మేళం ఉండవలసిందే. మనవాళ్ల నికా అయినా, హిందూ సోదరుల కల్యాణమైనా బాకా ఊదేవాళ్లలో మనవాళ్లు చాలామంది కనబడతారు. ఆ బాకా ఎక్కడ పుట్టింది, మన చేతికి ఎట్లా వచ్చింది అన్నది మన పిల్లలు తెలుసుకోదగిన చరిత్ర.

పూర్వం బాకాకు మీటలు లేవు. అందువల్ల కొన్ని స్వరాలే పలికేవి. 1818లో ప్రష్యా దేశంలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుకు పేటెంటు పొందారు. 1839 ప్రాంతంలో పారిస్‌లో పెరినే అనే పనివాడు దాన్ని నేటి పిస్టన్ రూపానికి తెచ్చాడు. బ్రిటిష్ పటాలాలతో ఈ వాయిద్యాలు మన దేశంలో అడుగుపెట్టాయి. లండన్ కంపెనీలైన బూసీ, హాక్స్, బెసన్‌ల సరుకంటే ఎంతో గిరాకీ. బూసీ, హాక్స్ కంపెనీలు 1930లో ఏకమయ్యాయి.

ఇక్కడ మనం గర్వించదగిన సంగతి ఒకటుంది. బ్రిటిష్ సైన్యంలో బ్యాండు నాయకుడైన నాదిర్ అలీ 1885లో మీరట్‌లో కంపెనీ పెట్టాడు. మొదట విలాయతీ సరుకు తెప్పించి అమ్మినా, తరువాత సొంతంగా తయారీ సాగించారు. అక్కడి జలీ కోఠీ పేట దేశమంతటి బ్యాండు మేళాలకు పుట్టినిల్లయింది. ఇత్తడి రేకును అచ్చు మీద సుత్తితో కొట్టి గంట ఆకారం తీయడం, గొట్టం వంచడం, టంకం వేయడం అంతా చేతిపనే. స్వాతంత్ర్యం తరువాత దిగుమతులకు ఆంక్షలు వచ్చినప్పుడు పేద మేళగాళ్లను ఆదుకున్నది ఈ సరుకే.

విలాయతీదంతా మేలు, మనదంతా నాసి అనుకోవడం పొరపాటు. వెనకటి బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్ల శ్రుతి సెకనుకు సుమారు 452 కంపనాలు. 1939లో లండన్ సమావేశం 440గా నిర్ణయించింది. అయినా ఆ పాత శ్రుతి 1960ల దాకా అక్కడ నిలిచింది. ఎంత పేరున్న పాత బాకా అయినా కొత్త క్లారినెట్ పక్కన ఊదితే అపశ్రుతే గదా! బూసీ అండ్ హాక్స్ వారి ఎడ్జ్‌వేర్ కర్మాగారం 2001లో మూతబడింది. నేడు చైనా సరుకు అగ్గువగా దొరుకుతున్నది. అందులో మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది.

నాణ్యత ఊరి పేరులో లేదు, పిస్టన్‌లో ఉంది. పిస్టన్‌కూ దాని గొట్టానికీ నడుమ సందు వెంట్రుక మందం కూడా ఉండరాదు. మీట నొక్కకుండా ఆ వాల్వు చిన్న గొట్టాన్ని కొంచెం లాగిపట్టి, అప్పుడు మీట నొక్కండి. 'టప్'మంటే గాలి నిలిచినట్లు. లేకుంటే గాలి కారుతున్నట్లే. అటువంటి బాకా ఊదేవాడి ఊపిరి తీస్తుంది, బేరాలూ పోగొడుతుంది.

అప్పు చేసి వాయిద్యం కొనే కుర్రవాడికి ఆ బాకాయే బతుకు. కావున కొనేముందు అనుభవజ్ఞుడైన ఉస్తాదుకు చూపించే ఏర్పాటు మన సంఘం చేస్తే, అదే నిజమైన సంక్షేమం.