మంజూరుకీ చేతికందడానికీ మధ్య: ఏలూరు, కొల్లేరు ప్రాంతంలో దళిత విద్యార్థి సహాయం

యూనివర్సిటీలో చేరగానే ఒక చిన్న పుస్తకం ఇస్తారు. స్కాలర్‌షిప్, హాస్టలు, బుక్ బ్యాంకు, ఎస్సీ, ఎస్టీ సెల్, ఆరోగ్య కేంద్రం అన్నీ అందులో వరసగా ఉంటాయి. ఇవన్నీ ప్రభుత్వం దయతలచి ఇచ్చినట్టే రాస్తారు. ఎవరు అడిగితే వచ్చాయో, ఎవరికి అందకుండా ఆగిపోయాయో రాయరు. ఆ రాయని చరిత్రలో మా ప్రాంతపు ముక్కని ఇక్కడ చెప్పదలచాం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవల నీళ్లతో డెల్టా పండింది. భూమి ఉన్న కులాల పిల్లలు ఆ పంట మీద పట్నాలు పోయి చదువుకున్నారు. మాల మాదిగలకి పాలేరుతనం, ఊడ్పులు, కోతలు మిగిలాయి. ఏలూరులో 1945లో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ, 1953లో సెయింట్ థెరిసా మహిళా కాలేజీ వచ్చాయి. వాడ నుంచి వెళ్లిన విద్యార్థికి సీటు దొరికితే సరిపోదు. ఎక్కడ పడుకోవాలి? ఏం తినాలి? పట్నంలో చుట్టాలుండరు, కులం అడగకుండా గది అద్దెకిచ్చేవాళ్లు అరుదు. కొల్లేటి లంక ఊళ్లవాళ్లకి ఇంకో చిక్కు. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు పొంగితే దారే మునిగిపోయేది, పడవే దిక్కు. అలాంటి ఊరి పిల్లకి హాస్టల్లో చోటు లేకపోతే కాలేజీ లేనట్టే.

ప్రభుత్వ సహాయం ఎలా మొదలైంది? మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్‌కి అణగారిన కులాల బాధ్యత అప్పజెప్పారు. ప్రత్యేక బడులు, స్కాలర్‌షిప్‌లు, హాస్టళ్లు ఆ శాఖ కిందే నడిచాయి. తర్వాతి కాలంలో ఆ పని హరిజన సంక్షేమం పేరుతో, ఆపైన సాంఘిక సంక్షేమం పేరుతో సాగింది. కాలేజీ చదువు దాకా ఆ చెయ్యి చాలలేదు. 1942 అక్టోబరులో అంబేద్కర్ వైస్రాయికి విజ్ఞాపన పత్రం ఇచ్చారు. బెనారస్, అలీగఢ్ యూనివర్సిటీలకి గ్రాంటు ఇస్తున్న ప్రభుత్వం మా పిల్లల పైచదువుకి ఎందుకు ఖర్చు పెట్టదని నిలదీశారు. ఏడాదికి 3 లక్షల రూపాయలు సాధించారు. ఈనాటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో అలా పుట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన ఆంధ్ర జిల్లాలు తిరుగుతూ ఏలూరు కూడా వచ్చారు.

అంటే ఇది పోరాడి తెచ్చుకున్న హక్కు. అయితే హక్కు కాగితం మీద ఉండటం వేరు, జూన్‌లో మెస్ బిల్లు కట్టాల్సిన రోజుకి చేతిలో ఉండటం వేరు. విద్యార్థి ముందు చేరాలి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం తేవాలి. కాలేజీ పంపాలి, సంక్షేమ శాఖ మంజూరు చెయ్యాలి, ట్రెజరీలో బిల్లు పాసవ్వాలి. ఈ నెలలన్నీ ఎవరు మోస్తారు? అమ్మ మోస్తుంది. ఎవరి పొలంలో ఊడ్పుకి పోతుందో ఆ కామందు దగ్గరే అప్పు తెస్తుంది. వచ్చే కోతల కూలి అందులో జమ. ఏ చాకిరీ నుంచి బయటపడాలని బిడ్డని చదివించిందో, ఆలస్యం ఆమెని మళ్లీ ఆ చాకిరీలోకే తోస్తుంది. ఆఫీసులో దీన్ని 'పెండింగు' అంటారు. వాడలో దీని పేరు వడ్డీ.

హాస్టలు అన్నం పెట్టే చోటు మాత్రమే కాదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మా ముందుతరం కూడి మాట్లాడుకున్నది, కరపత్రాలు రాసుకున్నది ఎక్కువగా ఆ గదుల్లోనే. హాస్టళ్లని చిన్నచూపు చూడటం వెనక ఈ భయం కూడా ఉంది.

తర్వాత విద్యాసంస్థలు మా ముంగిట్లోకే వచ్చాయి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ యూనివర్సిటీ, 2007లో తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2015లో తాడేపల్లిగూడెంలోనే నిట్ వెలిశాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. దానితో ఎందరో ఇంజనీరింగు గడప తొక్కారు. 2020లో వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20 వేలు ప్రకటించారు. ఆ ఏడాదే జి.వో. 77తో ప్రైవేటు కాలేజీల పి.జి. విద్యార్థులకి ఫీజు చెల్లింపు ఎత్తేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం మాకు కొత్త కాదు. ఫీజు మాఫీ అయినా మెస్ బిల్లు మాఫీ కాదు.

పరిశోధన దాకా వెళ్లినా ఇంతే. 2016 జనవరిలో హైదరాబాద్‌లో రోహిత్ వేముల చనిపోయేనాటికి ఆయనకి ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉంది. కుల వివక్షని అరికట్టాలన్న యు.జి.సి. నిబంధనలు 2012 నుంచే ఉన్నాయి. నిబంధన ఉండీ మనిషి ఒంటరి ఎందుకయ్యాడు? ఫిర్యాదు వినేవాడూ ఫిర్యాదుకి కారణమైనవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, తొలితరం విద్యార్థి ఆ గది గుమ్మం ఎక్కడు.

కాబట్టి సహాయాన్ని మంజూరైన కోట్లతో కొలవడం చాలించాలి. చేరిన ఎన్నో రోజుకి డబ్బు చేతికందింది అన్నదే లెక్క కావాలి. డబ్బు రాలేదని హాల్ టికెట్టు, సర్టిఫికెట్లు ఆపకూడదు. మెస్ బకాయి ప్రభుత్వానిది, విద్యార్థిది కాదు. ఎస్సీ, ఎస్టీ సెల్‌లో మన విద్యార్థుల ప్రతినిధులు ఉండాలి. ఉపాధ్యాయ మిత్రులు దరఖాస్తు నింపడం నేర్పాలి. సంఘాలు ప్రతి కాలేజీలో ఆలస్యాన్ని తేదీలతో సహా రాసి పెట్టాలి. 1942లో అంబేద్కర్ లెక్కలు ముందుపెట్టే అడిగారు. మనమూ అలాగే అడగాలి.