రాయదుర్గము చుట్టుపట్ల పల్లెలు: పాలన, జనసంఖ్య

నేడు హైటెక్ సిటీగా పేరొందిన ప్రాంతము నిన్నమొన్నటి వరకు పల్లెసీమయే. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము గ్రామముల పూర్వచరిత్ర పుస్తకములలో కంటె భూమి దస్తావేజులలోనే ఎక్కువగా కానవచ్చును.

ఒక్క రాయదుర్గమునే చూడుడు. రెవిన్యూ లెక్కలలో అది పాయెగా, పన్‌మక్తా, నౌఖల్సా అని మూడు ముక్కలు. మొదటిది పాయెగా ప్రభువులది; రెండవది నిర్ణీతమైన స్వల్ప శిస్తుపై ఇచ్చినది; మూడవది క్రొత్తగా సర్కారు క్రిందికి వచ్చినది. ఊరొకటే గాని దొరలు వేరు! 1949లో జాగీరులు రద్దయినను ఆ పేర్లు మాత్రము చెరగలేదు.

గ్రామపాలన మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీల చేతిలో నుండెడిది. నిజాం కాలమున లెక్కలు ఉర్దూలో నుండుటచే, తన పొలము ఎవరి పేర నున్నదో తెలియుటకు రైతు పట్వారీ గడప తొక్కవలసి వచ్చెడిది. చదువురాని రైతునకు ఇంతకు మించిన చెర వేరొకటి లేదు. ఈ పదవులు 1984లో రద్దయినవి. మరుసటి యేడు తాలూకాలు పోయి మండలములు వచ్చినవి.

1998లో సైబర్ టవర్స్ వెలసినది. రంగారెడ్డి జిల్లా జనసంఖ్య 2001లో సుమారు 35.75 లక్షలు, 2011 నాటికి 52.96 లక్షలు. ఈ పెరుగుదలలో వలస వచ్చినవారి పాలు పెద్దది. శేరిలింగంపల్లి పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో లీనమైనది. అద్దాల మేడల దస్తావేజులలో నేటికిని పన్‌మక్తా పేరే వ్రాయుచున్నారు.