గాలితో పోరిన చక్రములు

1884లో ఇంగ్లండున చార్లెస్ పార్సన్స్ నిర్మించిన ఆవిరి టర్బైను నిమిషమునకు 18,000 పర్యాయములు తిరుగుచు విద్యుత్తు పుట్టించినప్పుడు, మనకు ప్రాణాధారమైన గాలియే మున్ముందు యంత్రమునకు పగయగునని తలచినవారు బహుశః అరుదు. వేగము రెట్టింపైనచో గాలి రాపిడివలని నష్టము ఇంచుమించు ఎనిమిది రెట్లగును. అదంతయు వేడిమియై జనరేటరులోని తీగచుట్ల పైపొరలను మాడ్చును. చల్లార్చుటకు మరింత గాలి తోలుదమన్న, ఆ తోలుటకే శక్తి వ్యయమగును! తరుణోపాయము 1915లో మాక్స్ షూలర్ పేటెంటున కానవచ్చినది: గాలికి బదులు హైడ్రోజను. గాలి సాంద్రతలో పదునాల్గవ వంతే కలిగి, వేడిమిని ఏడురెట్లు చురుకుగా గొనిపోవు ఈ వాయువు, గాలిలో 4 మొదలు 75 శాతము వరకు కలసియున్నపుడు నిప్పురవ్వ తగిలిన పేలునన్న భయముచేత చాలకాలము దూరముగనే నిలిచి, 1937లో అమెరికాలోని డేటన్ నగరమున టర్బైను జనరేటరులోనికి ప్రవేశించెను. లోపలి పీడనమును హెచ్చుగ నుంచుటచే, కారినను హైడ్రోజనే వెలికి పోవునుగాని గాలి లోనికి చొరదు.