సాహిత్య సెమినార్

సాహిత్య సెమినార్ అనగా విశ్వవిద్యాలయంలో కొద్దిమంది విద్యార్థులు ఆచార్యుని సమక్షంలో ఒక రచనను చర్చించే తరగతి. ఇందులో వంతుల వారీగా ఒక్కొక్కరు పత్రం సమర్పించి, ఆపై చర్చను కూడా నడిపిస్తారు.

చరిత్ర

సెమినార్ అనే మాటకు మూలం లాటిన్ పదమైన సెమినేరియం. దీనికి నారుమడి అని అర్థం. జర్మనీలోని గోటింగెన్‌లో యోహాన్ మతియాస్ గెస్నర్ 1730వ దశకంలోను, హాలేలో ఫ్రీడ్రిక్ ఆగస్ట్ వోల్ఫ్ 1787లోను పాఠశాల ఉపాధ్యాయులను తయారు చేయుటకు ఇట్టి తరగతులను నెలకొల్పారు. గ్రీకు, లాటిన్ గ్రంథాలే అప్పటి పాఠ్యాంశాలు. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ద్వారా ఈ పద్ధతి అమెరికాలో వ్యాపించింది.

పత్ర సమర్పణ

శ్రోతలందరూ రచనను ముందే చదివి వస్తారు కనుక కథాసంగ్రహం చెప్పడం కాలహరణమే. పత్రంలో ఒక ప్రతిపాదన, దానికి ఆధారమైన ఘట్టాలు ఉంటే చాలు. ఉదాహరణకు గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం 1897లో వెలువడి, 1909లో ఎంతో మార్పు చెందిన రెండవ కూర్పుగా వచ్చింది. అది గొప్ప నాటకమని ప్రతిపాదిస్తే ఎవరూ అడ్డు చెప్పరు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. రెండవ కూర్పులో మధురవాణికి ప్రాధాన్యం పెరగడం వలన సంస్కరణ ఇతివృత్తం వెనుకబడిందంటే, ఒప్పుకోనివారు రెండు కూర్పులనూ తెరచి చూడవలసి వస్తుంది.

చర్చ నిర్వహణ

అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు చర్చకు పనికిరావు. ప్రశ్న వేసిన పిదప కొంత నిశ్శబ్దం సహజం. దానికి భయపడి సమర్పకులే జవాబు చెప్పివేస్తే తక్కినవారు మరి నోరు విప్పరు. సమాధానాలన్నీ ఆచార్యుని వైపే సాగుతున్నప్పుడు ఒకరి అభిప్రాయాన్ని మరొకరి ముందుంచి, అది ఏ పుటలో ఉన్నదో అడగడం మేలైన పద్ధతి. ఆక్షేపణ సరియైనదైతే అంగీకరించడం ఓటమి కాదు. తుది వ్యాసాన్ని సాధారణంగా అట్టి సవరణలతోనే తిరగరాస్తారు.