రంగుచేపల బేరం: స్నేహితుల మధ్య న్యాయమైన ధర



హోసూరులోనో, కోలారులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఉన్న మన తెలుగువారి ఇళ్ళలో ముందుగదిలో ఒక గాజుతొట్టి కనబడటం ఇప్పుడు వింత కాదు. అందులో నాలుగు గప్పీలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక మూల బుడగలు వదిలే గాలి పంపు. తొట్టి పెట్టిన కొన్నాళ్ళకు గప్పీలు పిల్లలు పెడతాయి. నాలుగు కాస్తా నలభై అవుతాయి. పక్కవీధి మిత్రుడు వచ్చి చూసి, "ఒక జత నాకిస్తారా? ఎంతిమ్మంటారు?" అని అడుగుతాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఊరికే ఇస్తే మూడు నెలల శ్రమకు విలువ లేకుండా పోతుంది. అంగడి ధర చెబితే స్నేహం నొచ్చుకుంటుంది.

మన పెద్దలు నీళ్ళలో గేదెను పెట్టి కొమ్ములు బేరమాడినట్టు అన్నారు. పశువు ఒళ్ళు, పొదుగు ఏమీ కనబడకుండా కొమ్ములు మాత్రం చూసి ధర కట్టడమన్నమాట. చేప బేరం కూడా అలాంటిదే. రంగు కనబడుతుంది. వయసు, ఆరోగ్యం, వంశం నీళ్ళలోనే ఉండిపోతాయి. మరి రంగుచేపకు ధర ఎలా వచ్చింది, ఎలా పెరిగింది, ఎందుకు పడిపోయింది? ఈ చరిత్ర తెలిస్తే మిత్రుడికి ఏ ధర చెప్పాలో కూడా తెలుస్తుంది.

మొదట గోల్డ్‌ఫిష్ సంగతి చూద్దాం. ఇది చైనా దేశపు చేప. బూడిదరంగు కార్పు జాతి చేపల్లో అప్పుడప్పుడు ఎర్రగా, పసుపుగా పుట్టినవాటిని ఏరి, చెరువుల్లో, కొలనుల్లో పెంచుతూ వచ్చారు. సాంగ్ వంశపు రాజుల కాలానికే దీని పెంపకం బాగా స్థిరపడింది. 16వ శతాబ్దంలో జపాన్‌కు, ఆ తర్వాతి శతాబ్దంలో యూరప్‌కు చేరింది. జపాన్‌లో యమాతో కోరియామా అనే ఊరుంది. 1724లో యనగిసావా వంశపు ప్రభువు కాయ్ ప్రాంతం నుంచి ఆ ఊరికి మారినప్పుడు గోల్డ్‌ఫిష్ కూడా వెంట వచ్చిందని చెబుతారు. అక్కడి చిన్న హోదా సమురాయ్‌లకు వచ్చే జీతం చాలేది కాదు. యుద్ధాలు లేని ఆ రోజుల్లో కత్తి పట్టిన చేతులే పెరటి తొట్టెల్లో చేపలు పెంచి, ఇంటి ఖర్చుకు నాలుగు డబ్బులు సంపాదించాయి. 1868 తర్వాత సమురాయ్‌ల హోదా పోయినా ఆ ఊరికి గోల్డ్‌ఫిష్ మిగిలింది. నేటికీ ఆ ఊరి పేరు చెబితే జపాన్‌లో ఆ చేపే గుర్తుకొస్తుంది.

ఇందులో ధరకు సంబంధించిన మొదటి పాఠం ఉంది. గోల్డ్‌ఫిష్ గుడ్లు పెట్టినప్పుడు వందలు, వేలు పెడుతుంది. కానీ తోక సరిగా విచ్చుకున్నవి, వెన్ను తిన్నగా ఉన్నవి, రంగు నిండుగా పట్టినవి కొన్నే. పెంచేవాడు వారం వారం కూర్చుని పనికిరానివాటిని ఏరేస్తాడు. కొన్నవాడు డబ్బిచ్చేది చేతికొచ్చిన ఆ ఒక్క చేపకే కాదు, దానికోసం ఏరివేతకు పట్టిన వారాలకు కూడా. ఎంపిక చేయకుండా తొట్టిలో ఉన్నవన్నీ గంపగుత్తగా అమ్మేవాడికి ఆ ధర అడిగే హక్కు లేదు.

గోల్డ్‌ఫిష్ కొలను దాటి గదిలోకి రావడానికి గాజు కావాలి. ఇంగ్లండులో గాజు మీద ఉన్న పన్నును 1845లో ఎత్తివేశారు. గాజు చవకైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'ఆక్వేరియం' అనే మాట జనం నోట్లో పడింది. అర్ధశతాబ్దం తర్వాత ఆ గాలి మన వైపూ వీచింది. 1909లో మద్రాసు మెరీనా తీరాన సముద్రపు చేపల ప్రదర్శనశాల వెలిసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అది మూతపడింది గానీ, గాజు వెనక చేపను చూసి మురిసే అలవాటు మాత్రం నిలిచింది.

ఇక మన గప్పీ. దీనిని 1859లో వెనెజులా నమూనాలను చూసి పీటర్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించారు. ట్రినిడాడ్ దీవి నుంచి రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ అనే ఆయన లండన్ మ్యూజియానికి పంపిన చేపలకు 1866లో ఆయన పేరే పెట్టారు. శాస్త్రీయ నామం తర్వాత మారిపోయినా గప్పీ అనే పిలుపు మాత్రం పోలేదు. ఈ చేప దోమపిల్లలను తింటుందని తెలిశాక, 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో మన దేశానికీ తెచ్చారు. 1990లలో కోలారు జిల్లా గ్రామాల్లో మలేరియా నివారణకు బావుల్లో, కుంటల్లో వదిలిన చేపల్లో గప్పీ ఒకటి. ఆ చేపకు ఎవరూ ధర కట్టలేదు. అది ఊరి సొత్తు.

అదే గప్పీ, తోక విసనకర్రలా విప్పుకుని, ఒకే రంగు తరతరాలుగా నిలబెట్టుకుంటే అంగట్లో జతకు వందలు పలుకుతుంది. జాతి ఒకటే. మరి తేడా ఎక్కడ? వంశాన్ని కాపాడటంలో. ఇక్కడ ఒక రహస్యం తెలుసుకోవాలి. ఆడ గప్పీ ఒకసారి మగదానితో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని, మళ్ళీ మళ్ళీ పిల్లలు పెట్టగలదు. అందుచేత కలగాపులగంగా పెరిగిన తొట్టిలోంచి ఒక ఆడదాన్ని తీసి, మంచి మగదాని పక్కన పెట్టి, 'ఇది శుద్ధమైన జత' అని అమ్మితే, కొన్నవాడింట్లో పుట్టే పిల్లలు వేరే రంగులో పుడతాయి. ఆ మోసం బయటపడేది మూడు నెలల తర్వాత. అప్పటికి డబ్బు ఖర్చైపోయి ఉంటుంది, మాట మీద నమ్మకం కూడా పోతుంది.

అరుదుగా దొరకడం వల్ల వచ్చే ధర మరొకటుంది. నియాన్ టెట్రా అనే చిన్న చేపను మీరు చూసే ఉంటారు. ఒంటి మీద నీలిగీత, కింద ఎర్రగీత, దీపంలా మెరుస్తుంది. 1934లో రబో అనే ఫ్రెంచి సేకర్త దీనిని అమెజాన్ అడవుల్లో కనిపెట్టారు. 1936లో హిండెన్‌బర్గ్ అనే ఆకాశనౌకలో కొన్ని నియాన్‌లు అట్లాంటిక్ సముద్రం దాటాయి. చివరకు చికాగో షెడ్ ఆక్వేరియంలో మిగిలింది ఒకే ఒక్కటి. ఆనాడు దాని విలువ ఊహించుకోండి. తర్వాత తూర్పు ఆసియా ఫారాల్లో దాన్ని లక్షల్లో పుట్టించడం మొదలైంది. ఇప్పుడు పిల్లవాడు కూడా దాచుకున్న చిల్లరతో కొనుక్కునే చేప అది. ధర పడిపోయినా చేప అందం ఏమీ తగ్గలేదు. నలుగురి ఇంట్లో పుట్టిన చేప చవకవుతుంది. మన అభిరుచికి అది నష్టం కాదు, గెలుపు.

ఈ నిజం తెలియక చాలామంది చేతులు కాల్చుకున్నారు. 1990లలో మలేసియాలో రకరకాల చేపలను కలిపి, నెత్తి మీద పెద్ద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ అనే సంకరజాతిని తయారుచేశారు. అది ఇంట్లో ఉంటే అదృష్టమనీ, ఒంటి మీది మచ్చల్లో అక్షరాలు కనబడతాయనీ ప్రచారం జరిగింది. 2000 తర్వాత రెండు మూడేళ్ళు ఆగ్నేయాసియాలో దానికి వెర్రి ధరలు పలికాయి. జనం లాభం కోసం ఇంటింటా పెంచారు. అందరి దగ్గరా ఉన్నప్పుడు కొనేదెవరు? ధర కూలింది. అమ్ముడుపోనివాటిని కాలువల్లో, చెరువుల్లో వదిలేశారు. అవి అక్కడి చిన్న చేపలను మింగి బతికాయి. ఆశతో కట్టిన ధరకు తీర్పు ఇలాగే ఉంటుంది.

అబద్ధంతో కట్టిన ధర ఇంతకన్నా చెడ్డది. మన నదుల్లో, కాలువల్లో గాజులా ఒళ్ళంతా కనబడే చిన్న చేప ఒకటుంది. లోపలి ముల్లు కూడా లెక్కపెట్టవచ్చు. దాని జాతిని విదేశాల్లో సూదితో పొడిచి, రంగు ఎక్కించి, 'రంగు గ్లాస్ ఫిష్' అని అమ్మారు. కొద్ది నెలల్లో రంగు వెలిసిపోయేది. గాయాల వల్ల చాలా చేపలు రోగాలపాలయ్యేవి. 1990లలో బ్రిటన్‌లోని చేపల ప్రియులు, అక్కడి ఒక పత్రిక దీనిమీద ఉద్యమమే నడిపారు. చాలా అంగళ్ళు ఆ చేపను పెట్టడం మానేశాయి. కొనేవాళ్ళు ఒక్కమాట మీద నిలబడితే చెడ్డ సరుకును అంగడి మెట్టు దింపవచ్చని అది చూపించింది.

మరి చేపలు పెంచేవాళ్ళు తమలో తాము ధర ఎలా తేల్చుకున్నారు? 1960ల తొలినాళ్ళలో అమెరికాలో కిల్లీ చేపల సంఘం ఏర్పడింది. ఈ చేపల్లో కొన్నింటి గుడ్లు తడి పీచుమట్టిలో వారాల తరబడి బతుకుతాయి. కనుక పొట్లం కట్టి టపాలో పంపవచ్చు. ఎవరి దగ్గర ఏ చేప, ఏ గుడ్లు, ఎంత ధర అని జాబితా అచ్చువేసి సభ్యులకు అందించేవారు. అందరి కళ్ళ ముందూ ధర ఉంటే ఒకరు హద్దు మీరలేరు. ఇతర సంఘాల్లో వేలంపాటలు పెట్టుకుని, వచ్చిన సొమ్ములో కొంత సంఘానికి, కొంత పెంచినవారికి పంచుకున్నారు. అరుదైన చేపను పుట్టించినవాడు పిల్లల్లో కొన్నింటిని సంఘానికి ఇవ్వాలనే నియమం పెట్టుకున్న సంఘాలు కూడా ఉన్నాయి. ఎందుకంటే ఒకడి తొట్టిలో రోగం వచ్చి వంశం పోయినా, మిత్రుడి తొట్టిలో బతికే ఉంటుంది. రేపు అతనే రెండు పిల్లలను తిరిగి ఇస్తాడు. మన పల్లెల్లో విత్తనాలు ఇచ్చిపుచ్చుకున్న తీరు ఇదే కదా!

ఇప్పుడు మన ఇంటి లెక్కకు వద్దాం. ఒక ఈతలో నలభై గప్పీ పిల్లలు పుట్టాయనుకోండి. మూడు నెలలు మేపారు. మేతకు, కరెంటుకు, మందుకు ఆరు వందల రూపాయలు అయ్యాయనుకుందాం. చచ్చినవి, వంకరగా ఉన్నవి పోగా ముప్పై నిలిచాయి. ఒక్కోదానికి పడింది ఇరవై, జతకు నలభై. అదే రకం జతను అంగడివాడు మీ దగ్గర యాభైకి కొని నూటయిరవైకి అమ్ముతాడనుకోండి. మీ మిత్రుడికి ఎనభైకి ఇవ్వండి. అంగడికి వేసినదానికన్నా మీకు ముప్పై ఎక్కువ వచ్చింది. అంగట్లో కొన్నదానికన్నా అతనికి నలభై మిగిలింది. మధ్యలో ఎవరూ నష్టపోలేదు. గాజుతొట్టి ఖరీదు, మొదట్లో మీరు పాడుచేసుకున్న చేపల ఖరీదు మాత్రం ఈ లెక్కలో వేయకండి. అది మీ సరదాకు మీరు పెట్టుకున్న ఖర్చు. మిత్రుడి నెత్తిన రుద్దకూడదు.

మన సరిహద్దు జిల్లాల వారికి మరో ఖర్చు ఉంది. చెన్నైలో కొళత్తూరు ప్రాంతం రంగుచేపలకు పెట్టింది పేరు. అక్కడ, ఆ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు పెరటి సిమెంటు తొట్లలోనే చేపలు పెంచి బతుకుతున్నాయి. అక్కడ చవకగా కొన్న చేప ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచిలో రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి మన ఊరు చేరేసరికి కొన్ని చనిపోతాయి, కొన్ని నీరసిస్తాయి. కొళత్తూరు ధరకే ఇమ్మని మిత్రుణ్ణి ఒత్తిడి చేయడం న్యాయం కాదు. మన ఊరి నీళ్ళలో పుట్టి, మన ఊరి నీళ్ళకు అలవాటుపడిన చేప దూరం నుంచి వచ్చినదానికన్నా నిలకడగా బతుకుతుంది. ఆ తేడాకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చినా దండగ కాదు. అమ్మేవాడు మాత్రం చేప నిన్న బస్సు దిగిందో, తన తొట్టిలోనే పుట్టిందో దాచకుండా చెప్పాలి. వయసు చెప్పాలి. రోగం వచ్చి తగ్గితే అదీ చెప్పాలి. వారంలో చేప చస్తే బదులు ఇస్తాడో లేదో ముందే మాట అనుకోవాలి.

చివరిగా, అమ్ముడుపోని చేప సంగతి. చాలామంది 'పాపం, బతకనీ' అని చెరువులో వదిలేస్తారు. గాజుకు నోరు అతికించుకునే సక్కర్ చేప అలా వదిలినదే. ఇవాళ తమిళనాడు, ఆంధ్ర జలాశయాల్లో అది పెరిగిపోయి, జాలరుల వలలు చించుతోంది, తినే చేపల చోటు ఆక్రమిస్తోంది. మనం ఉచితంగా వదిలిన చేప ధర చెరువు మీద బతికే జాలరి చెల్లిస్తున్నాడు. కనుక మిగిలినవాటిని అడిగినవారికి ఊరికే ఇవ్వండి, బడి పిల్లల తొట్టికి ఇవ్వండి, ఈతలు తగ్గించుకోండి. చెరువులో మాత్రం వదలకండి.

కాబట్టి శ్రోతలారా, మిత్రుల మధ్య న్యాయమైన ధర అంటే అంగడి ధరలో సగమనో, మూడో వంతనో గీత గీసి చెప్పేది కాదు. పెంచినవాడి శ్రమ అందులో కనబడాలి. కొన్నవాడికి నిజం తెలియాలి. కొన్న చేప బతికి పిల్లలు పెట్టాలి. వచ్చే ఏడాది మీ తొట్టిలో చేపలు పోతే, ఆ మిత్రుడి గుమ్మం తొక్కి ఒక జత అడగటానికి మీకు మొగమాటం కలగకూడదు. ఆ గుమ్మం మూసుకుపోని ధరే న్యాయమైన ధర.